చార్మ్ చేశారా, బుట్టలో వేశారా?

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఓ కుర్రాడు తన టీమ్ లీడర్‌ని మెచ్చుకోవాలనుకున్నాడు. ఆవిడ ప్రెజెంటేషన్ అంత బాగుంది మరి. ‘ఆకట్టుకునే’ అన్నదానికి ఫోన్లో ఇంగ్లిష్ మాట వెతికితే బోలెడొచ్చాయి. వాటిలో బరువుగా కనిపించిన ‘సెడక్టివ్’ని ఏరుకుని అందరి ముందూ వాడేశాడు. ఆ తర్వాత గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదట.

తప్పు పూర్తిగా అతనిది కాదు. చార్మ్, ఫాసినేట్, క్యాప్టివేట్, బిగైల్, సెడ్యూస్... దేని పక్కన చూసినా నిఘంటువు ‘ఆకర్షించు’ అని రాసి చేతులు దులుపుకుంటుంది. ఏదైతేనేంలే అనుకుంటాం మనం. తెలుగులో అలా అనుకుంటామా? ‘ఆయన మాటతీరు ఆకట్టుకుంది’ అంటే మెప్పు. ‘బుట్టలో వేసుకున్నాడు’ అంటే నింద. ‘మందు పెట్టింది’ అన్నారంటే ఇక పంచాయితీయే!

కాబట్టి ఏ మాట వాడేముందైనా ఒక్కటి చూసుకోండి: ఎదుటి మనిషి తెలివి ఇంకా అతని చేతిలోనే ఉందా, లేదా?

చార్మ్‌లో ఉంటుంది. ఈ మాట పుట్టింది లాటిన్ ‘కార్మెన్’ నుంచి. అంటే పాట, మంత్రం. ఎన్‌చాంట్‌లో ఉన్నదీ పాడటమే. మన ‘మంత్రముగ్ధులు’ లాంటిదే అన్నమాట. కానీ వాడుకలో చార్మ్ మెత్తబడింది. పేరు గుర్తుపెట్టుకుని పలకరించడం, చెప్పేది చివరిదాకా వినడం, చిన్న నవ్వు... ఇంతే. చార్మ్‌కి లోనైనవాడు సంతోషంగానే ‘వద్దండీ’ అనగలడు. క్యాప్టివేట్‌లో ఖైదీ దాగున్నాడు. అయినా భయపడక్కర్లేదు, మనమూ ‘కచేరీ కట్టిపడేసింది’ అంటాంగా. మన కుర్రాడికి కావలసింది ఈ మాటే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఫాసినేట్. రోమన్లు పిల్లల మెడలో దిష్టి తగలకుండా ‘ఫాసినుమ్’ అనే తాయెత్తు కట్టేవారు. మన అమ్మలు పెట్టే దిష్టిచుక్కకి దూరపు చుట్టం. ఇవాళ ఫాసినేట్ అంటే చూపు తిప్పుకోలేకపోవడం. అందులో ఇష్టం ఉండాలనేం లేదు. పడగ విప్పిన పాము కూడా ఫాసినేట్ చేస్తుంది, దాన్ని ఎవరూ భోజనానికి పిలవరు! ఇక్కడే మనవాళ్లు తరచూ జారిపడే చోటొకటుంది. ‘మీ పని నన్ను ఆకట్టుకుంది’ అనబోయి ‘అయామ్ ఫాసినేటింగ్’ అంటారు. అంటే ‘నేను మహా ఆసక్తికరమైన మనిషిని’ అని సొంత డబ్బా కొట్టుకున్నట్టు. ‘అయామ్ ఫాసినేటెడ్’ అనాలి.

బిగైల్‌కి వచ్చేసరికి కాస్త జాగ్రత్త. లోపల ఉన్న ‘గైల్’ అంటే కపటం. 1611లో వచ్చిన ఇంగ్లిష్ బైబిల్ అనువాదంలో హవ్వ పాము మీద చేసిన ఫిర్యాదులో ఉన్నది ఈ మాటే. ‘బిగైలింగ్ స్మైల్’ అని మెచ్చుకోలుగానూ వాడతారు కానీ, ఆ కపటపు వాసన పూర్తిగా పోదు. తియ్యగా మాట్లాడి అక్కర్లేని ఫోన్‌ని ఈఎంఐలో అంటగట్టిన సేల్స్‌మన్ మిమ్మల్ని చార్మ్ చేయలేదు, బిగైల్ చేశాడు. సెడ్యూస్ ఇంకో మెట్టు కిందికి. దాని మూలార్థం పక్కకు తీసుకుపోవడం, అంటే దారి తప్పించడం. ఆఫీసులో మనుషుల గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట జోలికి పోకండి.

గ్లామర్ అనగానే మనకు సినిమా పోస్టరే గుర్తొస్తుంది. నిజానికి అది గ్రామర్‌కి స్కాట్లాండ్‌లో పుట్టిన బిడ్డ. చదువుకున్నవాళ్లకు మంత్రాలొస్తాయని జనం నమ్మిన కాలం నాటిది. దాన్ని ‘కనికట్టు’ అన్న అర్థంతో ప్రచారంలోకి తెచ్చింది రచయిత వాల్టర్ స్కాట్. గ్రామర్ అంటే వణికేవాళ్లకు ఈ చుట్టరికం కొంచెం ధైర్యమివ్వొచ్చు.

చివరిగా కరిష్మా. గ్రీకులో దైవం ఇచ్చిన వరం. నాయకుల ఆకర్షణకు ఆ పేరు స్థిరపడింది జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ వల్ల. అది వరమన్నప్పుడు మనకు మనం ఇచ్చుకుంటే ఏం బాగుంటుంది? మీ రెజ్యూమెలో ‘కరిష్మాటిక్’, ‘చార్మింగ్ పర్సనాలిటీ’ లాంటివి ఉంటే ఇవాళే కొట్టేయండి. ఇంటర్వ్యూ అయ్యి మీరు తలుపు దగ్గరగా వేసి వెళ్లాక, లోపలున్నవాళ్లు ఒకరితో ఒకరు అనుకోవాల్సిన మాటలవి.