కొండకు తగిన కోటు, కాలికి తగిన బూటు

తిరుపతి, కాట్పాడుల నడుమ పాకాల యను రైలు కూడలి కలదు. ఆ యెండల సీమలో ఉన్నికోటుతో పని యరుదు. అదే పేరుగల పల్లె యొకటి నిజామాబాదు జిల్లాలోను కలదు. అచట పుట్టిన మాలావత్ పూర్ణ తన పదునాలుగవ యేట, 2014 మే 25వ తేదీన, ఎవరెస్టు శిఖరము నెక్కెను. అట్టి మంచుకొండపై ధైర్యమొక్కటే చాలదు. తగిన దుస్తులును, పాదరక్షలును వలయును.

ఒకే దళసరి కోటుకన్న పొరలుగా ధరించుట మేలు. పొరల నడుమ నిలిచిన గాలి దేహపు వేడిని పోనీయదు. లోపలి పొర చెమటను వెలికి పంపవలెను. నడిమి పొర వెచ్చదనము నీయవలెను. పైపొర గాలిని, వానను ఆపవలెను. నూలుబట్ట తడిసినచో త్వరగా ఆరదు; కావున చలిలో అది ప్రమాదకరము.

బూట్లను మందపు మేజోళ్లతో తొడిగి చూచి కొనవలెను. కొండ దిగునపుడు కాలివ్రేళ్లు బూటు ముందుభాగమునకు తగులరాదు. కొన్నాళ్లు తొడిగి నడచిన పిమ్మటనే వానితో దూరప్రయాణము చేయవలెను.

మంచి బూట్లున్నను జాగ్రత్త వలయును. 1953లో ఎవరెస్టు శిఖరము చేరుటకు ముందటి రాత్రి ఎడ్మండ్ హిల్లరీ బూట్లు విడిచి పరుండెను. తెల్లవారునప్పటికి అవి ఱాతివలె గడ్డకట్టెను. పొయ్యిపై వానిని మెత్తబరచుటకు రెండు గంటలు పట్టెను. టెన్సింగ్ నార్గే బూట్లు విడువక పరుండుటచే ఆయనకు ఆ చిక్కు లేకపోయెను.

తలకోన వంటి మన అడవిదారులకు ఇంత భారము వలదు. పలుచని వానకోటును, జారని అడుగుగల బూట్లును చాలును. పోవు చోటు నెరిగి తొడుగు నెన్నుకొనుటయే వివేకము.