తిరుగుబాటు అను మాట

పొద్దుతిరుగు మొగ్గ సూర్యుడు పోవు దిక్కునకు తిరుగును. తిరుగుట యనగా ముఖము మరల్చుట. ఈ చిన్న క్రియనుండియే ‘తిరుగుబాటు’ అను మాట పుట్టినది.

‘పడు’ ధాతువునుండి ‘పాటు’ అను నామము ఏర్పడును. పొరపడుట పొరపాటు, ఏర్పడుట ఏర్పాటు. కొన్నిచోట్ల పకారము బకారమగును: తడబడుట తడబాటు, కట్టుబడుట కట్టుబాటు. అట్లే తిరుగబడుట తిరుగుబాటు. కట్టుబాటును తిరుగుబాటును ఒకే అచ్చున పోసిన మాటలు. కట్టుబాటు న్యాయముగా నున్నంతకాలము జనులు దానికి లోబడుదురు. న్యాయము తప్పిననాడు తిరుగబడుదురు.

ఇట్టి అర్థము గల మరియొక మాట ‘పితూరీ’. ఇది ఉర్దూనుండి వచ్చినది. 1879లో రంపలోను, 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమునను మన్యమువారు తిరుగబడగా, ఆంగ్ల ప్రభుత్వము వానిని పితూరీలనియే పేర్కొన్నది. నేడు ఆ మాట దిగజారి, ఒకరిపై నొకరు చాడీలు చెప్పుట యను అర్థమున వాడుకలో నున్నది. ‘విప్లవము’ సంస్కృతపదము. వ్యవస్థ యంతయు మారుటను తెలుపుటకు దానిని వాడుదురు.

తిరుగుబాటు అను మాటలో ఒక సూక్ష్మము కలదు. తిరిగి నిలుచువాడు అంతకుముందు వెనుకకు జరుగుచుండినవాడై యుండును. ఆదిలాబాదు అడవుల గోండుల చరిత్రయే ఇందుకు సాక్షి.

మైదానములలోని సారవంతమైన భూములు పరుల చేతిలోనికి పోగా, గోండులు కొండలలోనికి జరిగిరి. అక్కడ అడవి నరికి పోడు చేసికొనిరి. నిజాము ప్రభుత్వము ఆ అడవులను రక్షితారణ్యములుగా ఏర్పరచెను. అటవీ సిబ్బంది పోడు భూములనుండి వారిని వెడలగొట్టిరి. పశువుల మేతకు పన్ను విధించిరి. ఇక వెనుకకు జరుగుటకు చోటు లేకపోయెను. అప్పుడు వారు కుమురం భీము నాయకత్వమున ఎదురుతిరిగిరి. నీరు, అడవి, నేల తమవే యనునది వారి పట్టు. 1940లో జోడేఘాట్ కొండపై పోలీసుల కాల్పులలో భీమును, ఆయన అనుచరులు కొందరును నేలకొరిగిరి.

ఆ మరణములు వ్యర్థము కాలేదు. అనంతరము ప్రభుత్వము హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞునిచే గోండుల స్థితిగతులను పరిశీలింపజేసెను. క్రమముగా పెక్కు కుటుంబములకు భూమి పట్టాలు లభించెను. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చు కేంద్రము వెలసెను. 2016లో ఆసిఫాబాదు కేంద్రముగా ఏర్పడిన జిల్లాకు భీము పేరు పెట్టిరి. ఒకనాడు ప్రభుత్వము నేరస్థునిగా ఎంచినవాని పేరు నేడు ప్రభుత్వ పత్రములపైననే కనబడుచున్నది.

కావున ఈ మాటను తూచి వాడవలెను. పెద్దలు చెప్పిన మంచిని పెడచెవిని పెట్టుట తిరుగుబాటు కాదు, అది మొండితనము. తన సుఖమునకై నియమమును మీరుట తిరుగుబాటు కాదు; అది స్వార్థము. పదిమంది బ్రదుకునకై, జరుగుటకు చోటులేనినాడు, అన్యాయమునకు ముఖము చూపి నిలుచుటయే తిరుగుబాటు.