డాక్టరు చదువుకు చేయూత: ఏ సొమ్ము, ఎంతవరకు?

రంజాన్ నెలలో మన సొసైటీకి వచ్చే దరఖాస్తుల్లో కొన్నేళ్లుగా ఒక కొత్త రకం కనిపిస్తోంది. ఇంతకుముందు వితంతువుల పింఛను, ఆపరేషన్ ఖర్చు, ఆడపిల్ల నికాహ్, ఇంటర్ ఫీజు కోసం వచ్చేవారు. ఇప్పుడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు చోట్ల నుంచీ విదేశాల్లో ఎంబీబీఎస్ చదివే పిల్లల తల్లిదండ్రులు వస్తున్నారు. వారు అడిగేది వేలల్లో కాదు, లక్షల్లో. ఈ విషయంలో షరీఅత్ ఏమంటుందో, చట్టం ఏమంటుందో, మేము ఎక్కడ పొరబడ్డామో దాతల ముందు ఉంచడం మా బాధ్యత.

జమ్మలమడుగు నుంచి ఒక తండ్రి వచ్చారు. ఆటో నడుపుతారు. కూతురు కిర్గిజిస్తాన్‌లో మూడో ఏడాది చదువుతోంది. ఇంటి స్థలం అమ్మి మొదటి ఏడాది, భార్య నగలు ప్రొద్దుటూరులో అమ్మి రెండో ఏడాది గట్టెక్కించారు. "సాబ్, ఈ నెలలో ఫీజు కట్టకపోతే పరీక్షకు కూర్చోనీరంట. వెనక్కి పిలిపిద్దామంటే పెట్టిందంతా పాయె" అన్నారు. ఆ అమ్మాయి బయలుదేరేటప్పుడు పాతిక వేలు ఇచ్చింది మేమే. శాలువా కప్పి ఫోటో కూడా తీయించాం. మిగతా ఏళ్ల ఫీజు ఎక్కడి నుంచి వస్తుందని ఒక్కరమూ అడగలేదు. తప్పు ఆ తండ్రిది ఒక్కడిదే కాదు.

పిల్లలు ఎందుకు వెళుతున్నారో ముందు తెలుసుకోవాలి. నీట్‌లో మంచి ర్యాంకు వస్తే కన్వీనర్ కోటాలో ఫీజు వేలల్లోనే ఉంటుంది. బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కూడా ఉంది. ఆ సీటు కొద్దిలో తప్పితే మిగిలేది ప్రైవేటు కాలేజీ యాజమాన్య కోటా. 2020లో మన రాష్ట్రంలో బి కేటగిరీ సీటుకు ఖరారు చేసిన ఫీజే ఏడాదికి 12 లక్షలు. దాని పక్కన ఏజెంటు చెప్పే విదేశీ ఫీజు చౌకగా కనిపిస్తుంది. కానీ అది డాలర్లలో ఉంటుంది. 2022 మొదట్లో 75 రూపాయల దగ్గరున్న డాలరు 2024 డిసెంబరులో 85 దాటింది. ఏడాదికి 4,000 డాలర్ల ఫీజు అనుకుంటే, కాలేజీ ఒక్క డాలరు పెంచకపోయినా ఇంటి మీద 40 వేల భారం పెరిగింది.

ఇక షరీఅత్ మాట. దివ్య ఖుర్‌ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్‌కు ఎనిమిది వర్గాలను అల్లాహ్ నిర్ణయించాడు. విద్యార్థి అన్నది అందులో విడిగా ఒక వర్గం కాదు. అతడు పేదవాడై ఉండాలి, లేదా అప్పుల్లో కూరుకుపోయి ఉండాలి, లేదా దారిలో చిక్కుకున్న ప్రయాణికుడై ఉండాలి. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్‌లో చేతిలో పైసా లేకుండా చిక్కుకున్న మన వైద్య విద్యార్థులను తలచుకుంటే ఈ చివరి మాటకు అర్థం తెలుస్తుంది.

మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం నాలుగు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, యుక్తవయస్కులైన పిల్లల విషయంలో చూడాల్సింది వారి సొంత ఆస్తిని. అమ్మాయి పేరున, ఆమె సొంతంగా నిసాబ్‌కు చేరే బంగారం ఉంటే జకాత్ ఇవ్వరాదు. రెండు, సొమ్ము విద్యార్థి సొంతం కావాలి. దీన్నే తమ్లీక్ అంటారు. విద్యార్థి అనుమతితో, వారి తరఫున మనం కాలేజీకి కట్టవచ్చు. మూడు, సొంత కొడుక్కి, కూతురికి, మనవలకు జకాత్ చెల్లదు. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలు పేదలైతే చెల్లుతుంది, బంధుత్వం నిలిపిన పుణ్యం కూడా దక్కుతుంది. నాలుగు, సయ్యద్ కుటుంబాల పిల్లలకు జకాత్ కాక కానుకగా, నఫిల్ దానంగా ఇవ్వాలి. అనుమానం వస్తే ముఫ్తీ సాబ్‌ను అడిగి తెలుసుకోవాలి.

విదేశీ వైద్య విద్యకు ధర్మసంస్థలు సాయపడటం తెలుగు నేలకు కొత్త కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1920ల మొదట్లో అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లాడు. మామగారు సమకూర్చిన డబ్బుకు మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం తోడైంది. అయినా అక్కడ చాలలేదు. ఆసుపత్రిలో కూలిపని చేసుకుంటూ చదివాడు. తర్వాత ఆయన పర్యవేక్షణలో జరిగిన పరిశోధనల నుంచే బోదకాలు మందు డైఇథైల్‌కార్బమజైన్, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ వచ్చాయి. అప్పుడు సాయం చేసినవారికి ఇదంతా తెలిసే అవకాశం లేదు. అయితే ఆనాడు ఆయన అక్కడ కూలిపని చేసుకుని నిలబడగలిగాడు. ఈనాడు మన పిల్లలు వెళ్లే చాలా దేశాల్లో విద్యార్థి వీసా మీద పనిచేసి ఫీజు కట్టడం కుదరదు. కాబట్టి సగం సాయం ఇప్పుడు మరింత ప్రమాదం.

చట్టం కూడా మారింది. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. బోధన ఇంగ్లీషులో జరగాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ దేశంలో వైద్యం చేసే అర్హత కూడా ఆ డిగ్రీతో రావాలి. చేరిన పదేళ్లలోపు అంతా పూర్తి కావాలి. నీట్ అర్హత లేకుండా వెళితే ఆ డిగ్రీతో ఇక్కడ ప్రాక్టీసు చేయలేరు. తిరిగి వచ్చాక 300 మార్కుల స్క్రీనింగ్ పరీక్షలో 150 తెచ్చుకోవాలి. ఇటీవలి చాలా విడతల్లో మూడో వంతు మంది కూడా నెగ్గలేదు. ఆ తర్వాత ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్. అంటే వెళ్లిన రోజు నుంచి మన ఊళ్లో బోర్డు కట్టేదాకా ఆరున్నర, ఏడేళ్ల మాట.

అందుకే ఇకమీదట మేము మూడు పనులు చేయదలచాం. బయలుదేరకముందే నీట్ కార్డు, కాలేజీ కోర్సు వివరాలు, మొత్తం ఖర్చు లెక్క చూస్తాం. నిబంధనలకు తగని కాలేజీ అయితే, బాధ అనిపించినా ఇంట్లోవాళ్లకు వద్దని చెబుతాం. సరైనదైతే శాలువా కప్పే ముందే చివరి ఏడాది దాకా ఎవరెవరు ఎంత ఇస్తారో రాసుకుంటాం. జకాత్ చెల్లనివారికి ఖర్జె హసనా నిధి నుంచి వడ్డీ లేని అప్పు ఇస్తాం. ఆ నిధి జకాత్‌తో కాదు, దాతలు విడిగా ఇచ్చే సొమ్ముతో నడవాలి. జకాత్ అప్పుగా ఇచ్చేది కాదు. బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశించినట్టు ప్రతి అప్పునూ సాక్షులతో రాసుకుంటాం. 280వ ఆయత్ బోధించినట్టు, పరీక్ష నెగ్గక ఇబ్బందిలో ఉన్నవారికి గడువు ఇస్తాం.

జమ్మలమడుగు అమ్మాయి మూడో ఏడాది ఫీజు కట్టాం. ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి ఒకరు జకాత్ నుంచి, పులివెందుల చీనీ తోటల రైతు ఒకరు సదఖా నుంచి, కువైట్‌లో డ్రైవర్లుగా ఉన్న ముగ్గురు సోదరులు తమ జీతాల నుంచి ఇచ్చారు. ఆ అమ్మాయి పరీక్షకు కూర్చుంది. ఇంకా రెండేళ్ల చదువు, ఇంటర్న్‌షిప్, స్క్రీనింగ్ పరీక్ష మిగిలే ఉన్నాయి. ఆ ఖర్చుకు ఇంకా పేర్లు రాసుకోవాల్సి ఉంది.

దాతలారా, ఈసారి జకాత్ లెక్క కట్టేటప్పుడు ఒక్క ఏడాదికి కాక, ఒక విద్యార్థి చదువు ముగిసేదాకా ఏటా ఇంత అని మాట ఇవ్వండి. అది చిన్న మొత్తమైనా సరే, ఆగకుండా రావాలి. అల్లాహ్ మీ సంపాదనలో బర్కత్ ఇవ్వాలని, ఈ పిల్లల చేతుల మీదుగా పేదల రోగాలకు షిఫా కలగాలని దుఆ చేస్తున్నాం. ఆమీన్.