కూలిన కెర్నెల్ చెప్పే సాక్ష్యం చదవగలరా?

2024 జులై 19న దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. విమానాలు రద్దయ్యాయి, ఆసుపత్రుల పనులు స్తంభించాయి. మూలం చూస్తే చిన్నదే: క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు 20 విలువలు అందితే, అది లేని 21వ దాన్ని చదవబోయింది. మామూలు యాప్‌లో ఈ పొరపాటు జరిగితే ఆ యాప్ ఒక్కటే మూతపడేది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో జరిగింది కాబట్టి యంత్రమే కూలింది. ఇలాంటి క్రాష్‌ల కారణం తేల్చడం కొద్దిమంది మేధావులకే సాధ్యమని విద్యార్థులు అనుకుంటారు. నిజానికి దీనికి కావాల్సింది ఊహించడం మానేసి సాక్ష్యం చదివే అలవాటు. అది నేర్చుకుంటే వస్తుంది.

ఉదాహరణకు లినక్స్‌నే తీసుకుందాం. దాని కెర్నెల్ తప్పటడుగు వేస్తే 'ఊప్స్' అనే నివేదికను లాగ్‌లో వదులుతుంది. అందులో నల్ పాయింటర్ లోపమనీ, చిరునామా హెక్సాలో 18 అనీ ఉందనుకుందాం. హెక్సాలో 18 అంటే 24. స్ట్రక్చర్ పాయింటర్ సున్నాగా ఉండగా, మొదటి నుంచి 24 బైట్ల దూరంలో ఉన్న ఫీల్డ్‌ను కోడ్ ముట్టుకోబోయిందని బలమైన అనుమానం. ఆ ఫీల్డ్ ఏదో పహోల్ టూల్ చూపిస్తుంది, అక్కడికి ఏ దారిన వచ్చిందో కాల్ ట్రేస్ చెబుతుంది. అయితే కూలిన చోటే తప్పు ఉండాలని లేదు. ఫ్రీ చేసిన మెమరీలో ఒక డ్రైవర్ రాస్తే, ఆ దెబ్బ ఏ పాపమూ ఎరగని మరో ఫంక్షన్‌కు తగలవచ్చు. అప్పుడు కేసాన్ అనే మెమరీ లోపాల డిటెక్టర్ ఆ మెమరీని ఎవరు ఫ్రీ చేశారో, తర్వాత ఎవరు ముట్టుకున్నారో పట్టిస్తుంది. పాత వెర్షన్ బాగుండి కొత్తది కూలుతుంటే, గిట్ బైసెక్ట్ సగానికి సగం వడపోస్తూ వెయ్యి మార్పుల్లో దోషిని సుమారు 10 పరీక్షల్లో తేలుస్తుంది.

ఇదంతా ఏఐ చేసేస్తుంది కదా అనవచ్చు. ఊప్స్‌ను వివరించడం దానికి తేలికే. కానీ వారానికోసారి వచ్చే క్రాష్‌ను మళ్లీ రప్పించి, కేడంప్ టూల్‌తో కూలిన క్షణంలోని మెమరీని భద్రపరచి, ఆ వివరణ నిజమో కాదో యంత్రం మీద తేల్చాల్సిన బాధ్యత మనిషిదే. మెమరీ తప్పులను ముందే అడ్డుకునే రస్ట్ భాష వచ్చింది కాబట్టి ఈ లోపాలు పోతాయన్న వాదనలో కొంత నిజముంది. 2022 డిసెంబరులో 6.1 వెర్షన్‌తో అది లినక్స్‌లో అడుగుపెట్టింది. అయినా కోట్ల లైన్ల సీ కోడ్ అలాగే ఉంది, హార్డ్‌వేర్ లోపాలను ఏ భాషా ఆపలేదు. ఫ్రెషర్లకు వెబ్ రంగంలో ఉన్నన్ని ఖాళీలు ఇక్కడ ఉండవన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే. అయితే చిప్, క్లౌడ్, స్టోరేజ్, ఎంబెడెడ్ రంగాలన్నిటికీ ఇదే నైపుణ్యం పనికొస్తుంది. క్వాల్‌కామ్, ఏఎండీ వంటి చిప్ సంస్థలకు హైదరాబాద్‌లోనే కేంద్రాలున్నాయి.

మొదలుపెట్టడానికి ఖర్చేమీ లేదు. సీ పాయింటర్లు, వర్చువల్ మెమరీ, లాక్‌లు గట్టిగా చదవండి. క్యూఎమ్యూ వర్చువల్ మెషీన్‌లో చిన్న మాడ్యూల్ రాసి, అది కావాలనే నల్ పాయింటర్‌ను ముట్టుకునేలా చేయండి. మీ ల్యాప్‌టాప్‌కు ఏమీ కాదు, చదవడానికి మీ సొంత ఊప్స్ దొరుకుతుంది. తర్వాత కెర్నెల్‌ను ఆటోమేటిక్‌గా పరీక్షించే సిజ్‌బాట్ బహిరంగంగా పెట్టే లోపాల్లో ఒకటి ఎంచుకోండి. లినక్స్ ఫౌండేషన్ మెంటర్‌షిప్‌కు దరఖాస్తు చేయండి. రెజ్యూమెలో ఒక క్రాష్, దానికి మీరు తేల్చిన కారణం, దాన్ని సరిచేసిన ప్యాచ్ ఉంటే, ఇంటర్వ్యూలో ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి. వాటికి జవాబులు మీకు ముందే తెలుసు.