ఒక గదికి ఎండ కరెంటు: మొదటిసారి పెట్టుకునేవారికి

ఇల్లు మొత్తానికి సోలార్ పెట్టించుకోవడం గురించి కాదు ఇది. ఒక్క గది గురించి. అందులో ఒక ఫ్యాను, రెండు బల్బులు, టీవీ, వైఫై రూటరు, ముగ్గురి ఫోన్లు. వీధిలో కరెంటు ఉన్నా పోయినా ఆ గదికి పట్టింపు ఉండకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేసినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం మీద పడ్డప్పుడు రోజుల తరబడి కరెంటు లేక ఎన్నో ఇళ్లు చీకట్లో గడిపాయి. అలాంటప్పుడు ఇలాంటి గది ఒకటి ఉంటే చాలు, ఇంటిల్లిపాదీ అందులో సర్దుకుంటారు. ఒక గదితోనే మొదలుపెట్టమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. దీని లెక్క అంతా ఎనిమిదో తరగతి గుణకారాలే. మీరే వేసుకోవచ్చు, దుకాణదారు చెప్పింది సరో కాదో మీరే తేల్చుకోవచ్చు.

మొదటి మెట్టు: ఒక రోజును కాగితం మీద గడపండి

ప్యానెళ్ల ధరలు అడగడానికి ఇంకా తొందరలేదు. తెల్లవారుజాము నుంచి మళ్లీ తెల్లవారేదాకా ఆ గదిలో ఏ వస్తువు ఎన్ని గంటలు నడుస్తుందో ఊహించి రాయండి. వస్తువు మీద రాసి ఉండే వాట్లను గంటలతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. అవి వెయ్యి అయితే, కరెంటు బిల్లులో మనం చూసే ఒక యూనిట్.

ఒక మామూలు రోజు ఇలా ఉంటుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు, పొద్దున గంట, సాయంత్రం నాలుగు గంటలు: 90. ఫ్యాను రాత్రి తొమ్మిది గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది కాబట్టి 900. ముప్పై రెండు అంగుళాల టీవీ 45 వాట్లనుకుంటే మూడు గంటలకు 135. మూడు ఫోన్లు నిండా చార్జి కావడానికి 45 సరిపోతాయి. వైఫై రూటరు చిన్న పెట్టె, 10 వాట్లే, కానీ ఆపేవాళ్లు ఉండరు. ఇరవై నాలుగు గంటలకు 240.

రాసుకున్నాక ఆ వరుసను ఒకసారి చూడండి. పొదుపు అనగానే మనం బల్బుల వెంట పడతాం. పక్క గదిలో లైటు ఆర్పలేదని పిల్లల్ని కసురుతాం. ఆ రెండు బల్బులు కలిపి తినేదానికి రెండున్నర రెట్లు ఎవరి కంటా పడని రూటరు తింటోంది. ఇక ఫ్యాను సంగతి చెప్పనక్కర్లేదు.

రెండో మెట్టు: కొనక ముందే తగ్గించండి

ఫ్యాను మార్చండి. బీఎల్‌డీసీ మోటారు ఉన్న ఫ్యాను ఫుల్ స్పీడులో 30 వాట్ల దగ్గర నడుస్తుంది, పన్నెండు గంటలకు 360. పాతదానితో పోలిస్తే రోజుకు 540 వాట్-అవర్లు మిగులు, అంటే అర యూనిట్ పైనే. అంత కరెంటును ఎండ నుంచి పట్టి, దాచి, రాత్రికి తీయడానికి అయ్యే ఖర్చు ముందు కొత్త ఫ్యాను ధర చిన్నదే. నా దృష్టిలో చిన్న సోలార్‌లో మొదట కొనాల్సిన వస్తువు ఇదే. మీరు ఆ తర్వాత సోలార్ జోలికి పోకపోయినా నష్టం లేదు.

రూటరును రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆపితే 160కి దిగుతుంది. ఇప్పుడు మొత్తం 790.

ఈ జాబితాలోకి రాకూడనివి కొన్ని ఉన్నాయి. గీజరు 2,000 వాట్లు, ఇస్త్రీపెట్టె 1,000, ఇండక్షన్ పొయ్యి 2,000. వేడి పుట్టించే పరికరం ఏదైనా సరే ఈ గదికి సరిపడదు. వేణ్నీళ్లు కావాలంటే డాబా మీద సోలార్ వాటర్ హీటరు వేరే పెట్టుకోవచ్చు, అది ఎండను కరెంటుగా మార్చకుండా నేరుగా నీళ్లనే కాస్తుంది. వంటకు పశువులున్న ఇంట్లో గోబర్ గ్యాస్ ఉండనే ఉంది. మిక్సీది మాత్రం వేరే కథ. 750 వాట్లు అని భయపెడుతుంది గానీ చట్నీకి ఐదు నిమిషాలే, 63 వాట్-అవర్లు దాటదు. దానికి కావలసింది పెద్ద బ్యాటరీ కాదు, మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పటి బరువును మోయగల ఇన్వర్టరు. వాట్లు, వాట్-అవర్లు అనే రెంటినీ కలగాపులగం చేయకుండా ఉంటే సగం మోసాలు మీ దరి చేరవు.

మూడో మెట్టు: రాత్రి లెక్క విడిగా

అసలు డబ్బంతా ఇక్కడే పోతుంది కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

పగలు ఎండ నేరుగా ఫ్యానును తిప్పుతుంది. దాచాల్సిన పని లేదు. దాచేది పొద్దుగూకాక వాడేదాన్ని. ప్యానెల్ పాతికేళ్లు నిలుస్తుంది. బ్యాటరీని మాత్రం ఆలోగా కనీసం ఒకటి రెండుసార్లయినా మార్చక తప్పదు. అందుకే రాత్రి వాడకం ఎంతో అంతే బ్యాటరీ కొనాలి, పగలు చేయగల పనిని రాత్రికి పెట్టుకోకూడదు.

మన గదికి సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఎనిమిది దాకా చూద్దాం. ఫ్యాను 270, టీవీ 135, బల్బులు 90, రూటరు 60. మొత్తం 555. ఫోన్లను పగలే చార్జి చేస్తాం. దీనికి ఇన్వర్టరు సొంత తిండి కలపాలి. ఏమీ నడపకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా అది కొంత తీసుకుంటుంది. 10 వాట్లనుకున్నా పద్నాలుగు గంటలకు 140. పైగా బ్యాటరీలోంచి తీసి ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చడంలో కొంత వేడిగా పోతుంది. అన్నీ కలిపి రాత్రికి 800 దాకా వస్తుంది. రోజు మొత్తానికైతే 1,200.

బ్యాటరీ మీద వోల్టులు, ఆంపియర్-అవర్లు రాసి ఉంటాయి. ఆ రెంటినీ గుణిస్తే దాని సత్తా తెలుస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం 25.6 వోల్టులు, 50 ఆంపియర్-అవర్లది తీసుకుంటే 1,280. అందులో ఎనభై శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు, అంటే వెయ్యి పైనే. మన రాత్రి గడిచిపోతుంది. ఇన్వర్టర్లకు మామూలుగా వాడే లెడ్ యాసిడ్ ట్యూబులర్ బ్యాటరీని సగానికంటే దించకూడదు, దించుకుంటూ పోతే దాని ఆయుష్షు తొందరగా తీరిపోతుంది. 12 వోల్టులు, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలు రెండు వరుసగా కలిపితే 3,600, అందులో వాడదగినది 1,800. రెండు రాత్రులకు సరిపోతుంది. కానీ ఒక్కోటీ ఇద్దరు పడితే గానీ లేవదు, డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి, చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి పడకగదిలో పెట్టకూడదు. కొనేటప్పుడు ఇది చవక. తుపాను ప్రాంతంలో ఉండి, రెండు రోజులు ముసురు పట్టినా నడవాలనుకునేవారు ట్యూబులరే తీసుకున్నా తప్పులేదు. మిగతావారికి లిథియమే నయం అంటాను.

ఇంట్లో ఇప్పటికే ఇన్వర్టరూ బ్యాటరీలూ ఉంటే బ్యాటరీకీ ప్యానెల్‌కూ మధ్య చార్జ్ కంట్రోలరు ఒకటి చేర్చి దానికే ప్యానెల్ కలపవచ్చు. ఒక చిక్కుంది. మామూలు ఇన్వర్టరు వీధి కరెంటుతో బ్యాటరీని ఎప్పుడూ నింపే ఉంచుతుంది. ఇక ఎండకు నింపే చోటెక్కడ? పగటిపూట దాని ప్లగ్గు తీసేయాలి, లేదా ముందు సోలార్‌ను వాడుకునే రకం ఇన్వర్టరు కొనాలి.

నాలుగో మెట్టు: ప్యానెల్

తెలుగు నేల మీద ఒక కిలోవాట్ ప్యానెళ్లు సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికే 540 వాట్ల ప్యానెల్ ఒక్కటి మంచి రోజున రెండు యూనిట్లు ఇస్తుంది. మనకు కావలసింది 1.2. శ్రావణంలో మబ్బు పట్టి సగమే ఇచ్చినా కొద్దిపాటి సర్దుబాటుతో రోజు గడుస్తుంది. ఒకటి చాలు.

ఈ ప్యానెల్ నలభై వోల్టుల పైన పనిచేస్తుంది, బ్యాటరీ ఇరవై నాలుగు. మధ్యలో ఉండే చార్జ్ కంట్రోలరు ఎంపీపీటీ రకమే కావాలి. చవగ్గా దొరికే పీడబ్ల్యూఎం రకం పెడితే ఆ పై వోల్టులన్నీ వృథా అయి, ప్యానెల్‌లో మూడో వంతు డాబా మీదే ఉండిపోతుంది.

ఎండ మండితే కరెంటు కూడా ఎక్కువ వస్తుందనుకుంటారు చాలామంది. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో దాని ఒళ్లు 60 డిగ్రీలు దాటుతుంది. పెరిగిన ప్రతి డిగ్రీకీ దాదాపు 0.35 నుంచి 0.4 శాతం చొప్పున తగ్గుతూ ఎనిమిదో వంతు దాకా పోతుంది. రేకుల మీద అతికించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా ఎత్తు మీద బిగించమనేది అందుకే.

ఐదో మెట్టు: డాబా మీద చోటు

దక్షిణం వైపు ముఖం. వాలు మీ ఊరి అక్షాంశమంత: తిరుపతికి పద్నాలుగు డిగ్రీలు, విజయవాడకు పదహారున్నర, హైదరాబాదుకు పదిహేడు, శ్రీకాకుళానికి పద్దెనిమిది. ఏడున్నర అడుగుల ప్యానెల్ నిలువుగా పెడితే వెనక అంచు ముందుదానికంటే రెండడుగులు ఎత్తులో ఉంటుంది. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు.

నీడ దగ్గర మాత్రం రాజీ లేదు. ప్యానెల్ లోపల సెల్లులు మూడు గుంపులుగా ఉంటాయి. ఒక మూల ట్యాంకు నీడ పడితే ఆ మూల ఒక్కటే కాదు, గుంపు మొత్తం పడుకుంటుంది, మూడో వంతు పోతుంది. ఈ నీడను వేసవిలో చూస్తే తెలియదు, అప్పుడు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ధనుర్మాసంలో చూడాలి. అప్పుడు హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగిపోతాడు, మూడడుగుల పిట్టగోడ నీడ రెండున్నర అడుగులు పాకుతుంది. ఉదయం తొమ్మిదికి, సాయంత్రం నాలుగుకు ఇంకా పొడవు. వేసవిలోనే బిగించాల్సి వస్తే దక్షిణం వైపు ఉన్న కొబ్బరిచెట్టునూ, పక్కింటివాళ్లు వేయబోయే పై అంతస్తునూ ఊహలోకి తెచ్చుకోండి.

కోస్తాలో తుపాను గాలికి ప్యానెల్ తెరచాప అవుతుంది. ఇటుకలు బరువు పెట్టి వదిలేయకుండా స్లాబులోకి బోల్టులు దించి, ఆ రంధ్రాల చుట్టూ నీళ్లు కారకుండా పూత వేయించండి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో వైర్లను గొట్టంలోంచే లాగాలి. దీనికి వాదన అనవసరం, తెలంగాణ పల్లెల్లో ఎవర్నడిగినా చెప్తారు.

ఆరో మెట్టు: కలపడం

ఈ పని ఎలక్ట్రీషియన్‌దే. అయినా పక్కన నిలబడి చూడండి. ఇంటి వైరింగ్ బాగా తెలిసినవాళ్లు కూడా ప్యానెల్, బ్యాటరీల డీసీ కరెంటు దగ్గర తడబడుతుంటారు. వెలుతురు ఉన్నంతసేపూ ప్యానెల్‌లో వోల్టేజి ఉంటుంది, దాన్ని ఆపే స్విచ్చు దాని మీద లేదు. దుప్పటి కప్పి పనిచేయాలి. చార్జ్ కంట్రోలరుకు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. డీసీ నిప్పురవ్వ ఒకసారి లేస్తే ఏసీలా తనంతట ఆరదు, అందుకే ఎంసీబీలు డీసీ రకమే కావాలి. బ్యాటరీకి దగ్గర్లో ఫ్యూజు తప్పనిసరి. ఫ్రేముకు ఎర్తింగ్ కూడా.

వైరు లావు సంగతి. 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లను 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో పది మీటర్ల దూరం పంపితే దారిలోనే వోల్టున్నర కరిగిపోతుంది, ఎనిమిదో వంతు. 24 వోల్టుల బ్యాటరీ చెప్పడానికి ఇదొక కారణం. బ్యాటరీనీ ఇన్వర్టరునీ కలిపే వైర్లు వీలైనంత పొట్టిగా, లావుగా ఉండాలి.

ఏడో మెట్టు: మొదటి నెల

ఇక్కడినుంచి పరికరాల పని తక్కువ, అలవాట్ల పని ఎక్కువ. కంట్రోలరు తెర మీద రోజూ ఎంత వచ్చిందో సాయంత్రం రాసిపెట్టండి. మంచి ఎండ రోజున పదకొండు, పన్నెండుకల్లా బ్యాటరీ నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చేదాన్ని వాడకపోతే అది లేనట్టే. ఇడ్లీపిండి రుబ్బడం, చట్నీలు, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకు అన్నీ ఆ వేళకు జరపండి. 150 వాట్ల గ్రైండరు అరగంటకు 75 తింటుంది, ఆ వేళలో అది లెక్కలోకే రాదు.

ప్యానెల్ గాజును తెల్లవారాక చల్లగా ఉన్నప్పుడే కడగండి, ఎండెక్కాక చన్నీళ్లు పోయవద్దు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఆరాక తెల్లటి మరకలు కడతాయి, వెంటనే మెత్తటి గుడ్డతో తుడిచేయాలి. సంక్రాంతి తర్వాత వానలు లేని నెలల్లో దుమ్ము బాగా పేరుకుంటుంది.

ఏడాది గడిచాక చాలామందికి ఫ్రిజ్ గుర్తొస్తుంది. చిన్నదైనా రోజుకు ముప్పావు యూనిట్ తింటుంది, రాత్రంతా నడుస్తుంది. అంటే ఇంకో ప్యానెల్, ఇంకో బ్యాటరీ. అప్పుడు వీధి కరెంటుకు, అంటే గ్రిడ్‌కు, కలిపే సోలార్ గురించి ఆలోచించడం మేలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన 78,000 రూపాయల రాయితీ ఉంది. అయితే అది గ్రిడ్‌కు కలిపినవాటికే, మనం చెప్పుకున్న గదికి రాదు. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా ఉచితంగా అందుకుంటున్న ఇంటికి డబ్బు లెక్కలో గ్రిడ్ సోలార్ పెద్దగా కలిసిరాదు. బిల్లు బాగా వచ్చే ఇంటికి కలిసొస్తుంది.

గ్రిడ్‌కు కలిపే మామూలు ఇన్వర్టరు వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ల మీద మరమ్మతు చేసే లైన్‌మ్యాన్‌కు మీ డాబా మీదినుంచి షాకు కొట్టకుండా అలా తయారుచేశారు. ఇది తెలియక మూడు కిలోవాట్లు పెట్టించి, మొదటి కరెంటు కోతకే బిత్తరపోయేవారున్నారు. కోతలోనూ నడవాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ రకం కావాలి. కొటేషన్ ఇచ్చేవారిని ఈ ఒక్క మాట అడిగి, జవాబు అదే కాగితం మీద రాయించుకోండి.