పాత కిట్ లారీ మన రోడ్డు లారీ అయిన విధము

స్టడీ రూములో బీరువా మీద ఉన్న లారీ సంగతి చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఈ నెల గోడపత్రికలో రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నమూనా వేరు, ఆటబొమ్మ వేరు. ఆటబొమ్మకి చక్రాలుండి దొర్లితే చాలు. మనలో చాలామందిమి చిన్నప్పుడు జొన్న దంటు బెండ్లతో బండి చేసినవాళ్లమే, దానికి కొలత అక్కరలేదు. నమూనా అనగా అసలు బండిలోని ప్రతి కొలతనూ ఒకే అంకెతో భాగించి చేసినది. మన కిట్ పెట్టె మీద 1/24 అని ఉంది. అంటే అసలు లారీలో 24 సెంటీమీటర్లు ఉన్నది ఇందులో 1 సెంటీమీటరు. పెట్టె మీద రాసింది నిజమో కాదో చూడడానికి టైరు కొలిచాం. పెద్ద లారీలకు వేసే 10.00-20 సైజు టైరు నిలువున సుమారు 105 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని 24తో భాగిస్తే 4.4 వస్తుంది. కిట్‌లోని టైరు అంతే ఉంది. లెక్క కుదిరింది.

ఇలాంటి కిట్లు విదేశాల్లో పెద్ద పరిశ్రమ. 1/24 లారీ కిట్లకు ఇటలీలోని ఇటలేరి కంపెనీకి పేరుంది. జపాన్‌లో షిజువోకా పట్టణంలోని తమియా కంపెనీ 1946లో కలప కోత మిల్లుగా మొదలైంది. 1948లో చెక్క నమూనాలు, 1960లో ప్లాస్టిక్ నమూనాలు మొదలుపెట్టింది. మన కొండపల్లి బొమ్మలు మాత్రం ఇప్పటికీ చెక్కతోనే చేస్తున్నారు. ఆ కొండపల్లి పనితనం మన లారీకి ఎక్కడ ఉపయోగపడిందో తర్వాత చెబుతాను.

మన సైన్సు మాస్టారు గుంటూరులో పాత సామాన్ల కొట్లో ఈ కిట్ కొన్నారు. ఇంతకుముందు ఎవరో సగం బిగించి వదిలేసినది. క్యాబిన్ ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎర్ర రంగు దళసరిగా పూసి తలుపు గీతలు కూడా కనపడకుండా చేశారు. వెనక టైరు ఒకటి లేదు. వెనక బాడీ అసలే లేదు, ఒట్టి చాసీ మాత్రం ఉంది.

పాత కిట్‌ని బాగుచేయడంలో మొదటి పని అతికించడం కాదు, విప్పడం. కిట్ ప్లాస్టిక్‌ని పాలీస్టైరిన్ అంటారు. దీనికి వాడే అసలు జిగురు అంటుకోదు, ప్లాస్టిక్‌ని కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. అలా కలిసినచోట కోయాల్సిందే. ఫెవిక్విక్‌తో అతికించినచోట అయితే వేరు. ఆ జిగురు గట్టిపడితే పెళుసుగా ఉంటుంది, చల్లబడితే ఇంకా పెళుసవుతుంది. క్యాబిన్‌ని ఒక రాత్రి వంటగది ఫ్రిజ్‌లో పెట్టి (వంట అక్క గారిని అడిగే పెట్టాం) పొద్దున మెల్లగా వంచితే టప్పుమని ఊడింది. కిటికీ అద్దాల దగ్గర మాత్రం ఎప్పుడూ ఫెవిక్విక్ వాడకూడదు. దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. మనకు వచ్చిన కిట్‌లో ముందు అద్దం అలాగే ఉంది.

రంగు పోగొట్టడానికి లారీ వస్తువే పనికొచ్చింది, అదే బ్రేక్ ఆయిల్. మూత ఉన్న డబ్బాలో క్యాబిన్ మునిగేలా పోసి రాత్రంతా ఉంచి, పాత పళ్ల బ్రష్షుతో తోమితే రంగు పొరలు పొరలుగా వచ్చేసింది. ప్లాస్టిక్‌కి ఏమీ కాలేదు. థిన్నర్ అయితే ప్లాస్టిక్ కూడా కరిగిపోతుంది. బ్రేక్ ఆయిల్ చర్మానికి మంచిది కాదు. చేతులకు తొడుగులు వేసుకోవాలి, తర్వాత ముక్కని సబ్బు నీళ్లతో కడగాలి, మిగిలిన ఆయిల్‌ని కాలువలో పొయ్యకూడదు. ఈ పనులన్నీ మాస్టారు పక్కనుండగా వరండాలో చేశాం. చిన్న తరగతుల తమ్ముళ్లు ఒంటరిగా చేయవద్దు.

ఇక్కడిదాకా పేచీ లేదు. తర్వాతే వచ్చింది. ఈ లారీని వైజ్ఞానిక ప్రదర్శనకి పంపాలని అనుకున్నాం. కొందరు మిత్రులు పెట్టె మీద బొమ్మ ఎలా ఉందో అలాగే చేయాలన్నారు, లేకపోతే కిట్ చెడగొట్టినట్టే అన్నారు. మరికొందరు మన గుంటూరు రోడ్డు మీద పోయే లారీలా చేద్దామన్నారు. రెండు రోజులు భోజనాల దగ్గర కూడా ఇదే గొడవ. నేను రెండో పక్షం. దానికి నేను చూపిన కారణం ఇది.

మన దేశంలో లారీ చరిత్రే ఇలా నడిచింది. టాటా వారు 1954లో జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సహకారంతో జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. అప్పట్లో ముందు పెద్దవాళ్లు టాటా-బెంజ్ అనేది ఆ బండినే. కంపెనీ చాలా బండ్లను ఇంజను, చాసీ వరకే అమ్మేది. క్యాబిను, వెనక తొట్టి ఇక్కడి బాడీ బిల్డర్లు కట్టేవారు. విజయవాడ ఆటోనగర్ ఆ పనికి పేరుమోసింది. అంటే చాసీ ఒక దేశపు లెక్క, బాడీ మన వడ్రంగి లెక్క. మన కిట్‌లో కూడా చాసీ ఉంది, బాడీ లేదు. ఆటోనగర్ మేస్త్రీ చేతికి వచ్చిన బండి కూడా ఇట్లాగే ఉండేది కదా అన్నాను. మాస్టారు నవ్వి, సరే కట్టండి అన్నారు.

అన్నిటికంటే కష్టం స్టీరింగ్. యూరప్ లారీకి స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది, మనకు కుడి పక్క. 1988 మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ప్రకారం ఎడమ స్టీరింగ్ బండిని, సంకేతాలు చూపే పరికరం పనిచేస్తుంటే తప్ప, మన రోడ్డు మీద నడపరాదు. డ్యాష్‌బోర్డు ఒకే ముక్క. హాక్సా బ్లేడుతో మూడు ముక్కలు చేసి, మీటర్లున్న ముక్కని కుడివైపుకి, సామాన్ల అర ఉన్న ముక్కని ఎడమకి మార్చాం. క్లచ్, బ్రేక్, యాక్సిలరేటర్ పెడళ్లు కూడా కుడికి జరిపాం. ఆ వరస మాత్రం రెండు చోట్లా ఒకటే, యాక్సిలరేటర్ ఎప్పుడూ కుడికాలికే. కింద చాసీకి ఉన్న స్టీరింగ్ పెట్టె, దాని కడ్డీ కూడా పక్క మార్చాం. పైనుంచి చూసేవాళ్లకి ఇది కనపడదు. అయినా తిప్పి చూసేవాళ్లు ఉంటారు. ఖాళీలు పూడ్చడానికి కిట్ చట్రంలో మిగిలిన ప్లాస్టిక్ ముక్కల్ని కాస్త అసిటోన్‌లో నానబెడితే లేహ్యంలా అయింది. ఆరాక అది కూడా ప్లాస్టిక్కే, సాండ్ పేపరు పడితే గీత తెలియదు.

వెనక బాడీకి ఐస్ పుల్లలు. పుల్ల వెడల్పు 1 సెంటీమీటరు, అంటే 24 సెంటీమీటర్ల పలక. మందం 2 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 5 సెంటీమీటర్ల చెక్క. లారీ పలకకి ఇది చక్కగా సరిపోయింది. పుల్లల మధ్య సందులకు కొండపల్లి వాళ్ల మక్కు వాడాం. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. కొండపల్లిలో బొమ్మకి చేతులు, కాళ్లు అతికించేది దానితోనే. చెక్కకి అది బాగా పడుతుంది, ప్లాస్టిక్‌కి పట్టదు.

లేని టైరుని అరిగిన హవాయి చెప్పు నుంచి కోశాం, 4.4 సెంటీమీటర్ల గుండ్రం, 1.2 మందం. మిగతా పాత టైర్లకు ఒక జబ్బు ఉంది. వాటిని మెత్తగా ఉంచే మందు ఏళ్ల తరబడి బయటికి ఊరి ప్లాస్టిక్ రిమ్ముని తినేస్తుంది. అందుకని రిమ్ముకీ టైరుకీ మధ్య పల్చటి వెండి కాగితం చుట్టాం.

నంబరు ప్లేటు పసుపు మీద నల్ల అక్షరాలు. ఏపీ 07 అని రాశాం, అది గుంటూరు జిల్లా పాత సిరీసు. 2019 నుంచి రాష్ట్రమంతటా ఏపీ 39 ఇవ్వసాగారు గాని, మన బండి అంతకన్నా పాతది.

ఇక లోడు. ప్రత్తిపాడులో ఉండి లారీ చేస్తే పత్తి అయినా వెయ్యాలి, మిర్చి అయినా వెయ్యాలి. మిర్చి వేశాం. ఇక్కడ ఒక లెక్క నేర్చుకోవాలి. పొడవు 24వ వంతు అయితే బరువు కూడా 24వ వంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి గనుక 24ని మూడుసార్లు గుణించాలి, 13,824 వస్తుంది. 45 కిలోల మిర్చి టిక్కీ మన లారీలో 3.3 గ్రాములు. రెండు ఇరుసుల లారీకి 2018కి ముందు అనుమతించిన మొత్తం బరువు 16.2 టన్నులు. అది మన నమూనాలో 1 కిలో 172 గ్రాములు. నిజం గోనెపట్ట ఈ కొలతకి చాలా ముతక. అందుకని పాత పంచె గుడ్డని టీ డికాషన్‌లో ముంచి టిక్కీలు కుట్టాం. లోపల రంపపు పొట్టు, కాస్త ఇసుక. కనపడని మధ్య భాగానికి థర్మాకోల్.

పేర్చేముందు తెలిసినవాళ్లని అడుగుదామని, ఎనిమిదో తరగతి తమ్ముడి నాన్నగారు ఆదివారం చూడవచ్చినప్పుడు లారీ చూపించాం. ఆయన గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. మంచం మీద కూర్చుని ఒక్కొక్క టిక్కీ తీసి ఆయనే పేర్చారు. ఒక వరస నిలువు, దాని మీద వరస అడ్డం. “మూతులు లోపలికి పెట్టండయ్యా, బయటికుంటే కుదుపులకి కుట్టు తెగిద్ది” అన్నారు. అంచుల దగ్గర పై వరసని కొంచెం లోపలికి జరిపారు. మేం టిక్కీ బరువు లెక్క చెబితే, ఒకటి తీసి భుజం మీద పెట్టుకుని, “ఇది నలభై అయిదు కిలోలా! రోజంతా మోస్తా” అని నవ్వారు. రోజుకి ఎన్ని మోస్తారు బాబాయ్ అని అడిగితే, సీజన్లో లెక్కపెట్టం, కూలి కట్టేప్పుడు మేస్త్రీ చెబుతాడు అన్నారు. తమ్ముడు అంతసేపూ పక్కనే నిలబడి ఉన్నాడు, ఏమీ అనలేదు. మర్నాడు ప్రదర్శన అట్ట మీద “లోడు పేర్చే విధానము” అన్న భాగం తానే రాస్తానన్నాడు. రెండు పేజీలు రాశాడు, బొమ్మలతో సహా. మిగతా అట్టంతా నేను రాసినదే గాని, అందులో బాగున్నది అదే.

ఇంకా మూడు పనులున్నాయి. పక్క అద్దాలు రెండు లేవు, చాక్లెట్ వెండి కాగితం ముడత పడనిది ఎవరి దగ్గరైనా ఉంటే ఇవ్వండి. పట్టా కట్టడానికి సన్నని నూలు తాడు కావాలి, మోకులా పురి కనపడాలి. వెనక డాలా మీద ఏమి రాయాలన్నది ఇంకా తేలలేదు. మీకు తోచినది చీటీ మీద రాసి ఈ గోడపత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. పలక 10 సెంటీమీటర్లే, మాటలు పొట్టిగా ఉండాలి.

– పదవ తరగతి విద్యార్థి