పాసైన టెస్టులో రెండు రూపాయలు

అరకులోయ



కాఫీ కొనుగోలు లెక్కల ప్రోగ్రాముకు టెస్టులు జెస్ట్‌తో నడుపుతూ, పోలికలు మాత్రం చాయ్‌తో రాయొచ్చా అని అడిగావు. రాయొచ్చు. పోలిక తప్పితే చాయ్ ఒక ఎర్రర్ విసురుతుంది, టెస్టులు నడిపే రన్నర్ (ఇక్కడ జెస్ట్) దాన్ని పట్టుకుని టెస్టు ఫెయిలైందని చెబుతుంది. విసిరింది ఎవరన్నది దానికి అక్కర్లేదు. జావాలోనూ అంతే, 2017లో వచ్చిన జేయూనిట్ 5 పోలికలు రాసే అసర్ట్‌దట్‌ను వదిలేసి, ఆ పనిని హ్యామ్‌క్రెస్ట్, అసర్ట్‌జే లాంటి లైబ్రరీలకే అప్పజెప్పింది.

చూసుకోవలసింది ఆ రెండూ కలిసేచోట. పోలిక రాయడానికి జెస్ట్‌కు సొంత ఎక్స్‌పెక్ట్ ఉంది. అదే పేరుతో చాయ్‌ది తెచ్చుకుంటే ఆ ఫైల్లో జెస్ట్‌ది మరుగున పడుతుంది. అలవాటు కొద్దీ జెస్ట్ పోలిక టుహావ్‌బీన్‌కాల్డ్ అని రాస్తే, అలాంటిది తన దగ్గర లేదని చాయ్ వెంటనే ఎర్రర్ ఇస్తుంది. అరిచే తప్పుతో పేచీ లేదు. నా భయమంతా నోరెత్తని తప్పుతోనే. జెస్ట్ టుబీక్లోజ్‌టులో రెండో సంఖ్య దశాంశ స్థానాలు. చాయ్ క్లోజ్‌టులో అదే సంఖ్య సరిపెట్టుకోదగ్గ తేడా. జెస్ట్ అలవాటున్నవాళ్లు అక్కడ 2 వేస్తే, రైతుకు రెండు రూపాయలు తక్కువ కట్టినా టెస్టు పాసే!

పాడేరు, అనంతగిరి కొండల్లో మనవాళ్లు కాఫీ పండ్లు కోసి, తొక్క తీసి, గింజలు ఎండబెట్టి కాటాకు తెస్తారు. చీటీలో అంకె సరిచూసుకోవడం అందరికీ చేతకాదు. దళారుల దోపిడి నుంచి గిరిజనుల్ని కాపాడాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. మీ ప్రోగ్రామే కొత్త దళారి కాకూడదు. అందుకే బరువు గ్రాముల్లో, డబ్బు పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచు. పైసలకు సవరించే (రౌండింగ్) పద్ధతి ఒక్కచోటే రాయి. అప్పుడు దగ్గరదగ్గర పోలికతో పనే ఉండదు.

ఇంకొకటి, జెస్ట్ ఎక్స్‌పెక్ట్ డాట్ అసర్షన్స్ తన పోలికల్నే లెక్కపెడుతుంది, చాయ్‌వి లెక్కలోకి రావు. పైగా చాయ్ 5 ఈఎస్ మాడ్యూళ్లుగానే వస్తుంది, జెస్ట్ మామూలు అమరికలో దానితో చిక్కే.

నన్నడిగితే, జెస్ట్‌లో ఉన్నన్నాళ్లు దాని పోలికలే వాడు. చాయే కావాలంటే మోకా రన్నర్‌కో, నోడ్ 20లో స్థిరపడిన నోడ్ సొంత రన్నర్‌కో మారు. వీటిలో పేరు తగువు లేదు. ఏది ఎంచుకున్నా, నవంబరులో కోతలు మొదలయ్యేలోపు ధర లెక్కలో కావాలనే ఒక రూపాయి తగ్గించి టెస్టులు నడుపు. ఒక్కటైనా ఫెయిలైందో లేదో నాకు రాయి.

మీ బాబాయి